స్వాతంత్ర్యం మన తండాకు ఏ తేదీన వచ్చింది?



ఏటా ఆగస్టు 15న నిజామాబాద్, బోధన్ ప్రాంతపు చర్చిల్లో ఒక క్రమం నడుస్తుంది. పొద్దున్నే జెండా ఎగరేస్తారు. పిల్లలకు చాక్లెట్లు పంచుతారు. తర్వాత అందరూ లోపల కూర్చుంటే పాస్టరుగారు వాక్యం చెబుతారు. ఆ వాక్యం చాలాసార్లు ఒకే బాటలో పోతుంది: 1947లో దేశానికి రాజకీయ స్వాతంత్ర్యం వచ్చింది, కాని మనిషికి అసలు విడుదల పాపం నుంచి రావాలి, దాన్ని క్రీస్తు ఇస్తాడు. మనం ఆమెన్ అని ఇంటికి వస్తాం.

నేను ఆ వాక్యాన్ని తప్పు పట్టడం లేదు. దాన్ని నమ్మేవాణ్ణే. అయితే అందులో మొదటి సగం మన ఇందూరు గడ్డకు సరిపోదు, ఎందుకంటే 1947 ఆగస్టు 15న ఇక్కడ స్వాతంత్ర్యం రాలేదు. రెండో సగం గురించి కూడా మన గిరిజనులు కొంచెం ఆగి ఆలోచించాలి. ఆత్మకు విడుదల ఉందని మనకు చెప్పిన సంస్థల్లోనే కొన్ని, ఒకప్పుడు మనవాళ్ళ పేర్లను హాజరు పట్టీలో రాసుకుని ఊరు దాటకుండా కాపలా కాశాయి. ఈ రెండు సంగతులూ తెలియకుండా పంద్రాగస్టు వాక్యం వింటే సగమే విన్నట్టు. అందుకే ఈ స్మారక సంచికలో ఆ చరిత్ర కొంత మీ ముందు పెడుతున్నాను.

ముందు మన ఊళ్ళ సంగతి చూద్దాం.

మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. దాని కాలువ నీళ్ళు బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు పారాక ఈ నేల చెరుకు నేలగా మారింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. ఆ పేర్లు ఇప్పటికీ మన ఊళ్ళ పక్కనే ఉన్నాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్న మిల్లు అది. దానికి వేల ఎకరాల సొంత ఫారాలు ఉండేవి. చెరుకు నరికే చేతులు, మోసే భుజాలు ఎక్కువగా భూమిలేని కులాలవి, తండాలవి.

అదే 1937లో నిజామాబాద్‌లో ఆరో ఆంధ్ర మహాసభ మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. ఒక పక్క చిమ్నీ, ఇంకో పక్క సభ. సభ అనే మాటే ఆ రోజుల్లో ప్రమాదకరం. గష్తీ నిషాన్ 53 అనే సర్కారు హుకుం ప్రకారం అనుమతి లేకుండా నలుగురు కూడి మాట్లాడకూడదు. తెలుగువాళ్ళు ఎక్కువమంది ఉన్న చోట పైచదువంతా ఉర్దూలో. ఊళ్ళో దొర గడీ, పటేల్ పట్వారీల పెత్తనం, వెట్టి. అప్పు తీర్చలేక జీవితమంతా ఒకరి దగ్గర పనిచేసేవాణ్ణి భగేలా అనేవారు. ఆ పద్ధతిని అదుపు చేస్తామని నిజాం ప్రభుత్వమే 1936లో ఒక చట్టం తెచ్చింది. చట్టం కాగితం మీద ఉంది, భగేలా కొట్టంలో ఉన్నాడు.

1947 జూన్‌లో నిజాం ఫర్మానా ఇచ్చాడు: బ్రిటిషువాళ్ళు వెళ్ళిపోయాక హైదరాబాద్ అటు భారత్‌లోనూ ఇటు పాకిస్తాన్‌లోనూ కలవదు, విడిగానే ఉంటుంది. కాబట్టి ఢిల్లీలో అర్ధరాత్రి గంటలు మోగినప్పుడు ఇక్కడ మూడు రంగుల జెండా పట్టుకున్నవాడు నేరస్థుడు. ఇందూరు ఖిల్లాలోని జైలు అటువంటివాళ్ళతో నిండింది. దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి ఆ జైలులో ఉన్నారు. కాగితం కలం దొరకని చోట దాశరథి గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడన్నది మీరు బడిలో విన్నదే. ఇప్పటికీ ఖిల్లా మీదికి దేవుడి దర్శనానికి వెళ్ళేవారు ఆ జైలు పక్క నుంచే నడుస్తారు. మీలో ఎంతమంది ఆగి చూశారో నాకు తెలియదు.

రజాకార్ల కాలం గడిచి, 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలి, 17న నిజాం లొంగిపోయాడు. అంటే మనకు దేశ స్వాతంత్ర్యం పదమూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆ రోజు చాలామందికి పండుగ. అందరికీ కాదు. పక్కనే ఉన్న నాందేడ్ వంటి జిల్లాల్లో సైనిక చర్య తర్వాత ముస్లిం పేదల మీద జరిగిన హింసను పండిత్ సుందర్‌లాల్ కమిటీ స్వయంగా తిరిగి నమోదు చేసింది, ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఒకరి విడుదల రోజు పొరుగువాడికి భయం రోజు కావడం చరిత్రలో కొత్త కాదు. క్రైస్తవులుగా మనం దాన్ని దాటవేయకూడదని నా అభిప్రాయం.

ఈ పదమూడు నెలల మధ్యలో ఒక విచిత్రం జరిగింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, సంయుక్త సంఘాలు ఏకమై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అదే మనం సీఎస్‌ఐ అని పిలిచేది. మెదక్, డోర్నకల్ అధ్యక్ష మండలాలు మొదటి రోజు నుంచే అందులో ఉన్నాయి. మెదక్ మండలంలోనిదే మన నిజామాబాద్. అంటే ఆ ఏడాది పాటు మన ప్రాంతపు క్రైస్తవుడి సంఘం ఇండియాతో కలిసింది, ఊరు మాత్రం కలవలేదు. ఆదివారం ఒక దేశం, సోమవారం ఇంకో రాజ్యం. ఆత్మ స్వాతంత్ర్యం ముందా, దేశ స్వాతంత్ర్యం ముందా అని చర్చ పెట్టేవారికి మన జిల్లా చరిత్ర ఇచ్చే జవాబు ఇలా అడ్డదిడ్డంగా ఉంటుంది.

ఇక మూడో తేదీ. అది మన గిరిజనులది.

మన లంబాడీల పెద్దలు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగిన వర్తకులు. సైన్యాలకు తిండి మోసినవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దం చివర సికింద్రాబాద్ నుంచి ఇందూరు మీదుగా మన్మాడ్ దాకా రైలు పడింది. రైలు వచ్చిన దారిలో ఎద్దుల బిడారుకు పనిలేకుండా పోయింది. బిడారు ఆగిన చోటే తండా నిలిచింది. పని పోయినవాణ్ణి ఆదుకోవాల్సిన సర్కారు వాణ్ణి అనుమానించడం మొదలుపెట్టింది. బ్రిటిషువాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే నేరం ఉంటుందని రాసుకున్న చట్టం అది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ విస్తరించారు. నిజాం రాజ్యంలోనూ అదే చూపు, అదే తరహా నిబంధనలు. నిజాం పాలనలో లంబాడీల బతుకు ఎలా మారిందో చరిత్రకారుడు భంగ్యా భుక్యా ఒక పుస్తకమే రాశారు. డిగ్రీ చదివే మన పిల్లలు దాన్ని వెతికి చదవాలి.

ఎరుకల సోదరుల కథ ఇంకా కఠినం. గుంటూరు వైపు 1913 ప్రాంతంలో స్టువర్టుపురం అనే సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. దాన్ని నడిపింది పోలీసులు కాదు, సాల్వేషన్ ఆర్మీ. 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టుకుని, చెప్పులు లేకుండా పేదల మధ్య తిరిగిన సంస్థే అది. దాని నాయకుడు బూత్ టక్కర్ నేరాన్ని జబ్బులా నయం చేసే శాస్త్రం అంటూ ఒక కొత్త మాటే పుట్టించాడు. సెటిల్‌మెంటులో ఇళ్ళు ఇచ్చారు, పొలం ఇచ్చారు, బడి పెట్టారు, చీరాల పొగాకు కంపెనీలో కూలిపని చూపించారు. ఇవన్నీ నిజమే. రోజూ హాజరు పలకాలి, పాసు లేకుండా బయటికి పోకూడదు, పోతే శిక్ష. ఇవి కూడా నిజమే. ఇటువంటి సెటిల్‌మెంట్లలో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వసతిగృహాల్లో పెట్టిన సందర్భాలున్నాయి. ఆదివారం అదే ఆవరణలో విడుదల సువార్త.

ఒక్కసారి ఊహించుకోండి. క్రీస్తు బందీలను విడిపించడానికి వచ్చాడని చదువుతున్న మనిషి చేతిలోనే హాజరు పట్టీ ఉంది.

యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయంలో యేసు సత్యం గురించి, విడుదల గురించి మాట్లాడతాడు. ఆ మాట మనకు కంఠతా వచ్చు. దానికి విన్నవాళ్ళు ఇచ్చిన జవాబు మాత్రం మనం పెద్దగా పట్టించుకోం. మేము అబ్రాహాము సంతానం, ఎప్పుడూ ఎవరికీ దాసులం కాలేదు అని వాళ్ళు అంటారు. అలా అంటున్నప్పుడు వాళ్ళ దేశం రోమా చేతిలో ఉంది. వాళ్ళ పితరులు ఐగుప్తులో ఇటుకలు చేశారు, బబులోనుకు చెరగా వెళ్ళారు. తమ దాస్యాన్ని తామే మరచిపోయినవాళ్ళకు పాప దాస్యం గురించి ఎంత చెప్పినా ఎక్కదని ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకనిపిస్తుంది. ఆత్మ విడుదల గురించి మాట్లాడటానికి మనకు చరిత్ర జ్ఞాపకం కావాలి. చర్చి తన తప్పును మరచిపోయినా, మనం మన గతాన్ని మరచిపోయినా ఒకటే నష్టం.

నిర్గమకాండం వరస కూడా గమనించండి. దేవుడు మొదట ఇటుకల పని నుంచి జనాన్ని బయటికి తెచ్చాడు. సీనాయి కొండ దగ్గర ఆజ్ఞలు ఇచ్చింది ఆ తర్వాత. సెటిల్‌మెంటులో ఈ వరస తలకిందులైంది: ముందు నీతి నేర్చుకో, తర్వాత విడుదల సంగతి చూద్దాం అన్నారు.

స్వతంత్ర భారతం వచ్చాక తిరుపతి ప్రాంతపు నాయకుడు అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో ఒక కమిటీ వేశారు. చట్టం రద్దు చేయాలని అది చెప్పింది. మద్రాసు, బొంబాయి ప్రభుత్వాలు కొంత ముందే తమ పరిధిలో ఎత్తేశాయి. దేశం మొత్తానికి 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. విముక్త జాతులు ఆ రోజునే తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకుంటాయి. చట్టం పోయాక అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, పోలీసు స్టేషన్‌లో అనుమానం అలాగే ఉంది. అయినా తేదీ తేదీయే. మన చర్చిల్లో ఆగస్టు 15కు జెండా ఉంది, ఆగస్టు 31కి కనీసం ఒక ప్రార్థన కూడా లేదు. ఇది నాకు వెలితిగా తోస్తుంది.

మిషనరీలంతా ఒకటే అని మీరు అనుకోకుండా డిచ్‌పల్లి సంగతి చెప్పాలి.

నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్ళే దారిలో, రైల్లోనైనా బస్సులోనైనా డిచ్‌పల్లి దాటని వాళ్ళుండరు. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి మెథడిస్టు మిషన్ తరఫున ఇండియా వచ్చింది. నిజామాబాద్‌లో పనిచేస్తుంటే ఊరి బయట చెట్ల కింద పడి ఉన్న కుష్ఠు రోగులు కనిపించారు. ఇంటివాళ్ళు వెళ్ళగొట్టినవాళ్ళు, ఏ బావి దగ్గరికీ రానివ్వనివాళ్ళు. వాళ్ళకోసం మొదట చిన్నగా ఒక ఆశ్రయం పెట్టారు. అది చాలలేదు. రాజా నర్సాగౌడ్ అనే స్థానిక దాత పెద్ద మొత్తం ఇవ్వడంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి నిలిచింది. ముస్లిం పాలకుడి రాజ్యం, హిందూ దాత డబ్బు, క్రైస్తవ డాక్టరు. చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి 1920ల్లో మెరుగుపడినప్పుడు డిచ్‌పల్లి దాన్ని ముందుగా అందుకున్న చోట్లలో ఒకటి. ఆ సూది నొప్పి భరించడం మాటలు కాదంటారు. ఇసబెల్ కెర్‌కు 1923లో కైజర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1932లో కన్నుమూసింది.

స్టువర్టుపురం, డిచ్‌పల్లి రెండూ దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. రెండూ బైబిలు చేత పట్టుకున్నవాళ్ళు నడిపినవే. రెండింటికీ సరిహద్దులున్నాయి, రెండూ ఊరికి దూరం. తేడా ఎక్కడుంది? నా మట్టుకు నాకు కనిపించేది ఇది: ఒకచోటికి మనిషి చికిత్స కోసం నడిచి వచ్చాడు, రెండోచోటికి మనిషిని తెచ్చి పెట్టారు. ఒకచోట జబ్బును జబ్బు అన్నారు, రెండోచోట పుట్టుకనే జబ్బు అన్నారు. కుష్ఠు రోగి బయటికి పోవాలని ప్రతి మందు సీసా ఎదురుచూసింది. ఎరుకలవాడు బయటికి పోకుండా ప్రతి పాసు అడ్డం నిలిచింది.

ఇప్పుడు నాయకుల సంగతి. మన నిజాం రాజ్యంలోనే, డోర్నకల్‌లో, వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఉండేవారు. తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళుడు, తెలుగు నేర్చుకుని ఇక్కడే స్థిరపడినవాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ముఖాన్నే, మాకు మీ దానాలు కాదు మీ స్నేహం కావాలి అనే అర్థంలో మాట్లాడి అలజడి పుట్టించారు. డోర్నకల్‌లో ఆయన కట్టించిన కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. చూసినవాళ్ళకు తెలుసు, అందులో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి.

అజరయ్యగారి పట్టు రెండు వైపులా ఉండేది. 1930ల్లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆయన వాదించారు. మతం పేరుతో ఓటు పెట్టె విడిగా పెట్టుకుంటే సంఘం దేశం నుంచి విడిపోతుందని ఆయన భయం. అదే కాలంలో, పేద కులాలు మతం మారడం మీద గాంధీగారితో ఆయనకు గట్టి భేదాభిప్రాయం వచ్చింది. పేదవాడికి తన దేవుణ్ణి ఎంచుకునే తెలివి లేదన్న భావాన్ని ఆయన ఒప్పుకోలేదు. ప్రత్యేక రక్షణ అడగను, ఎంచుకునే హక్కు వదలను. దేశ స్వాతంత్ర్యం, ఆత్మ స్వాతంత్ర్యం అన్న రెండు మాటల్నీ ఆయన ఇలా ఒక్క చేత్తో పట్టుకున్నారు. ఆయన 1945 జనవరి 1న చనిపోయారు, స్వతంత్ర భారతాన్ని చూడలేదు.

రాజ్యాంగ సభలో ఆ దారే గెలిచింది. 1949 మేలో మైనారిటీ మతాలకు రిజర్వు సీట్లు వద్దని సభ తీర్మానించినప్పుడు, ఆ కమిటీ అధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ స్వయంగా బెంగాలీ క్రైస్తవుడు. మతాన్ని నమ్మడం, ఆచరించడంతోపాటు ప్రచారం చేసుకునే హక్కు 25వ అధికరణంలో చేరింది.

అదే సభలో మనవాడొకడున్నాడు. జైపాల్ సింగ్ ముండా. ఛోటానాగ్‌పూర్ ముండా తెగ, మిషన్ బడిలో చదివి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్ళిన క్రైస్తవుడు, 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు నాయకుడు. 1946 డిసెంబరులో ఆయన సభలో లేచి, తన జనాన్ని జంగ్లీ అంటారని, ఆ పేరుకు తాను సిగ్గుపడనని, ప్రజాస్వామ్యం ఆదివాసులకు ఎవరూ నేర్పనక్కరలేదని చెప్పారు. చర్చి ఆయన్ను ఆదివాసీ కాకుండా చేయలేదు. ఆదివాసీతనం ఆయన్ను క్రైస్తవుడు కాకుండా చేయలేదు. ఈ రోజు మతం మారినవాణ్ణి ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని గొడవ వచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. ఆ వాదన కొత్తది కాదు, 1960ల చివరలో కార్తీక్ ఉరావ్ పార్లమెంటులో లేవనెత్తారు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మాత్రం మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది. ఈ తేడా మీరు తెలుసుకుని ఉండాలి, ఎందుకంటే కాలేజీ హాస్టల్‌లో ఎవరో ఒకరు మిమ్మల్ని తప్పక అడుగుతారు.

మన తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపే ఆలస్యంగా వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో ఉన్నవాళ్ళకు ముందే ఉంది, ఇక్కడివాళ్ళకు 1976 చట్టంతో వచ్చింది. ఒకే రాష్ట్రం, ఒకే బోలి, రెండు న్యాయాలు ఇరవై ఏళ్ళు. దాని మీద గోండు సోదరులకు ఉన్న అభ్యంతరం కూడా మనం వినాల్సినదే, కాని అది వేరే వ్యాసం.

చెరుకు దగ్గరికి మళ్ళీ వద్దాం.

జోసెఫ్ కుమారప్ప పేరు మీలో కొద్దిమందే విని ఉంటారు. తంజావూరులో పుట్టిన తమిళ క్రైస్తవుడు, లండన్‌లో లెక్కలు చదివిన ఆడిటర్, తర్వాత ఖద్దరు కట్టి గాంధీగారి గ్రామ పరిశ్రమల సంఘాన్ని 1934 నుంచి వార్ధాలో నడిపినవాడు. క్విట్ ఇండియా కాలంలో జైలులో కూర్చుని యేసు ఆచరణ, బోధల మీద ఒక పుస్తకం, శాశ్వత ఆర్థిక వ్యవస్థ మీద ఒక పుస్తకం రాశాడు. రెండూ ఒకే మనసులోంచి వచ్చాయి. మిల్లు చక్కెర కంటే ఊరి బెల్లం మేలని, అందులో తాటి బెల్లం ఇంకా మేలని ఆయన చెబుతూ వచ్చాడు. తాటిచెట్టు గట్టు మీద, బీడులో పెరుగుతుంది, తిండి పండే పొలాన్ని ఆక్రమించదు. బెల్లం చేసే పని ఊళ్ళోనే ఉంటుంది, లాభం మిల్లు గేటు లోపలికి పోదు.

నిజాం ఫ్యాక్టరీ కట్టిన రోజుల్లో ఆ మాట వెనకబడినవాడి మాటలా వినిపించి ఉంటుంది. ఫ్యాక్టరీ వల్ల వేలమంది బతికారు, అది ఒప్పుకోవాలి. శక్కర్‌నగర్ క్వార్టర్లలో పెరిగిన పిల్లలు ఇంజనీర్లయ్యారు. అయితే 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యం కిందకి పోయింది, 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు యూనిట్లూ మూసేశారు. గానుగలు అప్పటికే పోయాయి. ఊరి చేతిలో బెల్లమూ లేదు, మిల్లులో చక్కెరా లేదు. రైతు వరికీ సోయాకూ మళ్ళాడు. చెరుకు కొట్టే కూలికి మళ్ళడానికి పొలం లేదు, అతను మహారాష్ట్ర బస్సో, గల్ఫ్ విమానమో ఎక్కాడు. కుమారప్పను నేను పూర్తిగా ఒప్పుకోను, తాటి బెల్లంతో ఇంత జనాభా బతుకుతుందా అన్నది అనుమానమే. కాని స్వాతంత్ర్యం అంటే పని మన చేతిలో ఉండటం కూడా అని ఒక క్రైస్తవుడు జైలులో కూర్చుని రాశాడన్న సంగతి పంద్రాగస్టు వాక్యాల్లో ఎప్పుడూ వినలేదు.

చివరగా ఒక స్త్రీ గురించి. గుర్రం జాషువా తెలుగువాళ్ళందరికీ తెలుసు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టి, గబ్బిలంతో అంటరానితనాన్ని నిలదీసిన కవి. చర్చిలోపలా బయటా కూడా అవమానం రుచి చూసినవాడు. ఆయన కూతురు హేమలత నాస్తికుడైన గోరా కొడుకు లవణంను పెళ్ళాడింది, తానూ నాస్తికురాలే. 1970ల్లో హేమలతా లవణం దంపతులు స్టువర్టుపురం వెళ్ళారు. సాల్వేషన్ ఆర్మీ సెటిల్‌మెంటు పోయి రెండు దశాబ్దాలు దాటినా ఆ ఊరి పేరు చెబితే పోలీసుకూ పత్రికకూ దొంగలే గుర్తొచ్చేవారు. ఆమె ఆ ఇళ్ళలో కూర్చుని, వాళ్ళ వంట తిని, కొత్త పనులు, చదువు దారి చూపింది. ఆ తర్వాత 1980ల్లో ఎక్కడికి వచ్చిందో తెలుసా? మన వర్నికి. నిజామాబాద్ జిల్లాలో దళిత ఆడపిల్లల్ని దేవత పేరు మీద జోగినిగా మార్చి ఊరి పెద్దల ఇష్టానికి వదిలేసే ఆచారం ఉండేది. చెరుకు తోటల నడుమ వర్నిలో వాళ్ళ పిల్లలకోసం చెల్లి నిలయం పెట్టారు. జోగినులకు పెళ్ళిళ్ళు జరిపించారు. 1988లో దేవదాసీ, జోగిని అర్పణను నిషేధిస్తూ రాష్ట్ర చట్టం వచ్చింది.

ఇక్కడ నేను క్రైస్తవుడిగా కొంచెం ఇబ్బంది పడతాను, ఆ ఇబ్బందిని దాచను. స్టువర్టుపురంలో మా పేరుతో మొదలైన కట్టడిలోంచి జనాన్ని బయటికి తేవడానికి శ్రమపడింది దేవుణ్ణి నమ్మని మనిషి. మా వర్ని పొలాల మధ్య ఆడపిల్ల విడుదల కోసం వచ్చింది కూడా ఆమే. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం విప్పి చెరలో ఉన్నవారికి విడుదల అని చదివినప్పుడు సొంత ఊరివాళ్ళే ఆయన్ను కొండ మీదినుంచి తోసేయబోయారు. పరాయివాళ్ళకు కూడా దేవుడు మేలు చేశాడని గుర్తుచేసినందుకే ఆ కోపం. లూకా నాలుగో అధ్యాయం మొత్తం చదవండి, మధ్యలో ఆపకండి.

ఈనాటి తండా సంగతి మీకే బాగా తెలుసు. మన తండాల్లో చర్చిలు పెరిగింది స్వాతంత్ర్యం వచ్చిన చాలా ఏళ్ళకు. గోర్ బోలిలో కొత్త నిబంధన తెలుగు లిపిలో వచ్చింది, యాడీలు దాన్ని వింటూ తల ఊపుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. అదే సమయంలో శ్రావణంలో తీజ్ వస్తే చర్చికి పోయే ఆడపిల్లలు బుట్టలో గోధుమ మొలకలు పెంచాలా వద్దా అని ఇంట్లో గొడవ. సేవాలాల్ జయంతికి నాయక్ ఇంటి ముందు కూర్చోవచ్చా అని గొడవ. అవతలి వైపు, చర్చికి పోతున్నాడని నీళ్ళ ట్యాంకు దగ్గర మాట్లాడని వాళ్ళూ ఉన్నారు. విశ్వాసం మారితే బోలి, పాట, చుట్టరికం వదిలేయాలని చెప్పేవారు కొత్త రకం హాజరు పట్టీ రాస్తున్నారని నా అభిప్రాయం. ఎస్టీ కాగితం చూపించి విశ్వాసం వదలమనేవాళ్ళు రాసేదీ అటువంటి పట్టీయే. ఏ దేవతకు మొక్కాలో మొక్కకూడదో ఎవరి మనస్సాక్షి వాళ్ళది. అక్కాచెల్లెళ్ళతో కలిసి పాడటం మాత్రం ఎవరూ ఆపకూడదు.

సంఘం పిల్లలకు ఒక పని అప్పగించి ముగిస్తాను. 1948లో పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది. మీ తండాలో అటువంటి దాదా, దాదీ ఎవరైనా మిగిలి ఉంటే ఈ సంక్రాంతి లోపల ఫోన్ రికార్డింగ్ పెట్టుకుని కూర్చోండి. రజాకార్ల కాలంలో ఎక్కడ దాక్కున్నారు, బిడారు ఎద్దుల పేర్లేమిటి, పోలీసు పటేల్ హాజరు అడిగేవాడా, ఫ్యాక్టరీ సైరన్ మొదటిసారి విన్నప్పుడు ఏమనుకున్నారు, మొదటి ఓటు ఎవరు వేయించారు, చర్చికి మొదట వెళ్ళింది ఎవరు, ఎందుకు వెళ్ళారు అని అడగండి. వాళ్ళు గోర్ బోలిలో చెబితే గోర్ బోలిలోనే రాసుకోండి, తెలుగు చేయకండి. వచ్చే సంచికకు అవే పంపండి.